మూర్ నేల మీద కుటుంబ గొడవ: టీవీ డ్రామా రాసేవారికి మొదటి మ్యాప్ నుంచి ఆఖరి డ్రాఫ్ట్ దాకా

ఇంగ్లండ్‌లో ఉంటూ టీవీ స్క్రిప్టులు రాస్తున్న తెలుగువాళ్లు నన్ను పదేపదే ఒకటే అడుగుతున్నారు. "ఉత్తర ఇంగ్లండ్ మూర్‌ల మీద ఒక కుటుంబ కథ రాస్తున్నాను. ఎంత రాసినా ఆ నేల వెనకాల వేలాడే తెరలాగే ఉంటోంది. కథలోకి ఎలా తేవాలి?"

నా జవాబు మారలేదు. ఆ నేలకు అర్థం ఇచ్చే ముందు, ఆ ఇంట్లో దానికి ఒక పని ఇవ్వండి. పని సరిగ్గా కుదిరితే అర్థం దానంతటదే వస్తుంది.

మొదలుపెట్టే ముందు మాట విషయంలో ఒక జాగ్రత్త. మూర్ అంటే చెట్లు లేని ఎత్తైన నేల. పైన హెదర్ పొదలు, ముతక గడ్డి. కింద పీట్, అంటే వేల ఏళ్లుగా నాచు, మొక్కలు పూర్తిగా కుళ్లకుండా పేరుకున్న తడి నల్ల నేల. దీన్ని తెలుగులో ఆలోచించేటప్పుడు "బీడు" అనుకోకండి. బీడు అనగానే ఎవరికీ పట్టని నేల అనిపిస్తుంది. మూర్‌లో ప్రతి గజానికీ హక్కుదారు ఉంటాడు. గొర్రెలు మేస్తాయి, గ్రౌస్ పక్షుల వేట జరుగుతుంది, కింది పట్టణాలకు నీళ్లు చేరతాయి. ఇంతమంది హక్కులు కలిసే చోటు కాబట్టే అక్కడ కుటుంబం కొట్టుకుంటుంది.

ఈ మార్గదర్శి అంతటా ఒకే ఉదాహరణ వాడతాను. గంట చొప్పున ఆరు ఎపిసోడ్లు. కొండ మీద గొర్రెల ఫామ్. జబ్బుపడ్డ తండ్రి, పన్నెండేళ్ల క్రితం లీడ్స్ నగరానికి వెళ్లిపోయిన పెద్ద కూతురు, ఫామ్‌లోనే ఉండిపోయిన చిన్న కొడుకు.

## 1. ఏదో ఒక మూర్ కాదు, ఒక్క మూర్ ఎంచుకోండి

"ఇంగ్లిష్ మూర్" అనేది ఎక్కడా లేదు. మూడు చోట్లు తీసుకుంటే మూడు వేరే కథలవుతాయి.

వెస్ట్ యార్క్‌షైర్ పెనైన్ కొండల మీద నల్లబడ్డ గ్రిట్‌స్టోన్ (గరుకు ఇసుకరాయి) గోడలు, రిజర్వాయర్లు ఉంటాయి. లోయల్లో పాత మిల్లు పట్టణాలు. రాత్రి కొండ అంచున నిలబడితే పట్టణం దీపాలు కనబడతాయి. వెళ్లిపోయిన కూతురి బతుకు తండ్రికి రోజూ కంటి ముందే ఉంటుంది.

నార్త్ యార్క్ మూర్స్ 1952 నుంచి జాతీయ పార్కు. విశాలమైన హెదర్, తూర్పున సముద్రం, అక్కడి నుంచి పాకే పొగమంచు. ఎస్టేట్ యజమాని, వేట, కౌలుదారు మధ్య పేచీలకు ఇది బాగా సరిపోతుంది.

డార్ట్‌మూర్ దక్షిణాన డెవన్‌లో ఉంది. గ్రానైట్ రాతి గుట్టలు, పోనీ గుర్రాలు, ఉమ్మడి మేత హక్కులు. మాట తీరు కూడా పూర్తిగా వేరు. యార్క్‌షైర్ యాస మాట్లాడే కుటుంబాన్ని డార్ట్‌మూర్ రాళ్ల మీద నిలబెడితే ఇంగ్లిష్ ప్రేక్షకుడు మొదటి నిమిషంలోనే పట్టేస్తాడు.

మన ఉదాహరణకు పెనైన్ కొండలు తీసుకుందాం.

ఎంచుకున్నాక సిద్ధం చేసుకోవాల్సినవి:
- ఆ ప్రాంతపు ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ జాతీయ మ్యాపుల సంస్థ) 1:25,000 మ్యాప్ (గోడలు కూడా కనిపించే స్కేలు అదే)
- ఒక రోజంతా నడక, వీలైతే రెండు వేర్వేరు కాలాల్లో
- దగ్గరి పశువుల వేలం మార్కెట్‌లో ఒక పూట, కూర్చుని వినడానికి

మూడోదాన్ని వదిలేయకండి. ఆ మనుషులు డబ్బు గురించి ఎలా మాట్లాడతారో, ఎక్కడ ఆగిపోతారో అక్కడ తెలిసినట్టు ఇంకెక్కడా తెలియదు.

## 2. నేల ఎవరిదో కాగితం మీద తేల్చండి

చాలామంది దాటేసే మెట్టు ఇది. నాకు మాత్రం అన్నింటికంటే ముఖ్యమైనది.

కౌలు అంటే ఏమిటో మనకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంగ్లండ్ కొండల మీదా ఎన్నో కుటుంబాలు తరాలుగా కౌలు మీదే ఉన్నాయి. 1984 జూలై 12కు ముందు ఇచ్చిన పాత కౌళ్లలో చాలావాటికి రెండు వారసత్వాల దాకా హక్కు ఉంటుంది. కానీ షరతు ఉంది. కౌలు కోరే వారసుడు గత ఏడేళ్లలో ఐదేళ్లు ప్రధానంగా ఆ ఫామ్ మీద పని చేసి బతికి ఉండాలి. 1995 సెప్టెంబర్ 1 నుంచి వచ్చిన కొత్త రకం కౌళ్లలో ఈ వారసత్వ హక్కే లేదు.

ఇప్పుడు పాత కౌలు మీద ఉన్న మన కుటుంబాన్ని చూడండి. మూర్ అంటే ప్రాణం పెట్టేది కూతురు. చట్టం ప్రకారం అర్హుడు కొడుకు. అతనికి ఆ ఫామ్ వదిలించుకుని పోవాలని ఉంది, కానీ అతను సంతకం పెట్టకపోతే ఫామ్ కుటుంబం చేతిలోంచి పోతుంది. ఎవరూ దుర్మార్గులు కారు. అయినా ముగ్గురికీ ఊపిరాడదు. ఈ టెన్షన్‌ను మీరు ఊహించి పుట్టించలేదు, ఆ నేల చట్టంలోనే ఉంది.

సొంత భూమి ఉన్న కుటుంబం రాస్తుంటే వారసత్వ పన్ను చూడండి. వ్యవసాయ ఆస్తికి ఉన్న మినహాయింపును తగ్గిస్తామని 2024 అక్టోబర్ బడ్జెట్‌లో ప్రకటించాక రైతులు లండన్ వీధుల్లోకి వచ్చారు. తర్వాత పరిమితులు మారాయి కాబట్టి మీ కథ ఏ సంవత్సరంలో జరుగుతుందో ఆ ఏటి నిబంధననే వాడండి.

ఒక పేజీలో రాసుకోవాల్సిన జవాబులు:
- ఇల్లు, పొలాలు, పైన మూర్: ఈ మూడింటి యజమాని ఒక్కరేనా?
- మూర్ మీద ఎన్ని గొర్రెలు వదిలే హక్కు ఉంది? పక్కవాళ్లకు ఎన్ని?
- వేట హక్కు ఎవరిది?
- తండ్రి పోతే మర్నాడు ఎవరి పరిస్థితి ఏమవుతుంది?

## 3. ఇంటి నుంచి మూర్ దాకా గీత గీయండి

కొండ ఫామ్ పొరలు పొరలుగా ఉంటుంది. మధ్యలో ఇల్లు, కొట్టం. చుట్టూ గోడలు కట్టిన మంచి గడ్డి పొలాలు, వాటిని ఇన్‌బై అంటారు. ఆ పైన మూర్‌ను తవ్వి బాగుచేసి కలుపుకున్న గరుకు పొలాలు. చివర ఒక పొడవాటి గోడ, దానికో గేటు. గేటు అవతల మూర్.

ఈ పొరలను కాగితం మీద గీసి, ఒక్కో పాత్ర ఏ పొర దాటి పైకి వెళ్లదో రాయండి. మన కథలో చనిపోయిన తల్లి గేటు దాటి ఎప్పుడూ వెళ్లలేదనుకుందాం. కొడుకు పని ఉంటేనే వెళ్తాడు. కూతురు పని లేకపోయినా వెళ్తుంది. తండ్రి ఈ ఏడాది నుంచి వెళ్లలేకపోతున్నాడు, ఆ సంగతి ఎవరికీ చెప్పడు. గేటు దాకా వచ్చి, దాని మీద చేతులు ఆనించి, పైకి చూసి వెనక్కి తిరుగుతాడు. జబ్బు గురించి ఒక్క మాట అక్కర్లేకుండా మొదటి ఎపిసోడ్‌లోనే ప్రేక్షకుడికి తెలిసిపోతుంది.

ఇంకొకటి గమనించండి. మూర్ మీద చెట్టు లేదు, చాటు లేదు. కిలోమీటరు దూరంలో నడిచే మనిషి నడకను బట్టి ఎవరో చెప్పొచ్చు. ఆ విశాలంలో ఏకాంతం దొరకదు. ఇరుకు ఇంట్లో తలుపు వేసుకోవచ్చు, మూర్ మీద అదీ లేదు. కొత్తగా రాసేవాళ్లు మూర్‌ను స్వేచ్ఛకు గుర్తుగా వాడేస్తారు. అక్కడ పుట్టిన మనిషికి అది నలుగురి కళ్లూ పడే చోటు.

## 4. ఏడాది పట్టిక వేసి, దాని మీద ఎపిసోడ్లు పెట్టండి

భావోద్వేగాన్ని బట్టి వాతావరణం ఎంచుకోకండి. ముందు నెల తేల్చుకోండి. ఆ నెల ఏ పని తెస్తుందో, ఏ వెలుగు తెస్తుందో చూసి గొడవను అందులో ఇరికించండి.

- నవంబర్: పొట్టేళ్లను మందలోకి వదులుతారు. ఏ పొట్టేలు, ఎన్ని గొర్రెలు అన్నది వచ్చే ఏటి నిర్ణయం. వచ్చే ఏడు ఈ ఇంట్లో ఎవరుంటారో తెలియని కుటుంబానికి ఇదే మొదటి పేచీ.
- డిసెంబర్: లీడ్స్ దగ్గర సాయంత్రం 3:45కే సూర్యాస్తమయం. పని ఆగిపోతుంది, మనుషులు వంటింట్లో ఒకరికొకరు ఎదురుపడక తప్పదు.
- మార్చి: కర్ల్యూ పక్షులు తీరం నుంచి మూర్‌కు తిరిగొస్తాయి. కొండ ఇంకా గోధుమ రంగులోనే ఉంటుంది.
- ఏప్రిల్ మధ్య నుంచి: గొర్రెల ఈతలు. సరిగ్గా నిద్ర ఉండదు. అలసటలో నోరు జారే నెల.
- జూలై: మందను దింపి ఉన్ని కత్తిరిస్తారు. పొద్దు గూకేసరికి తొమ్మిదిన్నర, పోట్లాటకూ బోలెడంత వెలుగు.
- ఆగస్టు: హెదర్ ఊదా రంగులో పూస్తుంది. 12వ తేదీన గ్రౌస్ వేట మొదలు. డబ్బున్నవాళ్లు కొండెక్కుతారు, పక్షులను తోలడానికి ఊరివాళ్లు రోజు కూలికి వెళ్తారు.
- సెప్టెంబర్, అక్టోబర్: అమ్మకాలు. ఏడాది కష్టానికి కొన్ని నిమిషాల్లో ధర తేలిపోతుంది.

పొట్టేళ్లను వదలడానికీ ఈతలకీ మధ్య ఐదు నెలలు. నవంబర్‌లో కోపంతో తీసుకున్న నిర్ణయం ఏప్రిల్‌లో కాళ్ల మీద నిలబడుతుంది. సీరియల్‌కు ఇంతకంటే మంచి గడియారం నాకు తెలియదు. రెండో ఎపిసోడ్‌లో నాటండి, ఐదులో పుట్టనివ్వండి.

## 5. ఒక్క గుర్తు చాలు, దాన్ని మూడుసార్లు వాడండి

గాలి, పొగమంచు, బురద, గోడ, మంట అన్నీ ఒకే స్క్రిప్టులో గుర్తులుగా పెడితే ఏదీ గుర్తుండదు. నేను మళ్లీ మళ్లీ సూచించేవి మూడు, వాటిలో ఒకటి ఎంచుకోండి.

హెఫ్ట్. మూర్ మీద కంచె ఉండదు. అయినా ప్రతి మందకూ తన మేర తెలుసు. గొర్రెపిల్ల తల్లి వెంట మేస్తూ ఎక్కడిదాకా తమదో నేర్చుకుంటుంది, పెద్దయ్యాక తన పిల్లకు నేర్పుతుంది. ఈ అలవాటునూ ఆ మేత చోటునూ హెఫ్ట్ అంటారు. ఆ మందను అమ్మేస్తే ఆ జ్ఞానమూ పోతుంది, కొత్త మందకు కాపరి చాలాకాలం వెంట ఉండి నేర్పాలి. అందుకే ఫామ్ చేతులు మారినప్పుడు ఇలాంటి మంద నేలతోపాటే మారుతుంది. 2001లో గాలికుంటు వ్యాధిని ఆపడానికి దేశమంతటా 60 లక్షలకు పైగా పశువులను చంపినప్పుడు, కొన్ని కొండల మీద గొర్రెలతోపాటు ఈ తరాల నేర్పు కూడా పోయింది.

తల్లి దగ్గర మేర నేర్చుకున్న పిల్ల కంచె లేకపోయినా దాటదు. కుటుంబ కథ రాసేవారికి ఇంకేం కావాలి? అందుకే ఈ పోలికను ఏ పాత్రా నోటితో చెప్పకూడదు. మొదట పనిగా చూపించండి: తమ్ముడు కొత్తగా వచ్చిన పశువుల డాక్టరుకు మామూలుగా వివరిస్తాడు. రెండోసారి సమస్యగా: డబ్బు కోసం మందలో సగం అమ్మాలన్న మాట వస్తుంది. మూడోసారి మాట లేకుండా: గేటు తెరిచే ఉంది, మంద కదలదు, కూతురు చూస్తుంది. అంతే, కట్.

సున్నం లేని రాతి గోడ. సిమెంటు ఉండదు. రెండు వరసల రాళ్లు, మధ్యలో చిన్న రాళ్ల పూడిక, అక్కడక్కడా రెండు వరసలనూ పట్టి ఉంచే అడ్డరాళ్లు. గోడ కూలితే ఇద్దరు చెరోవైపు నిలబడి కడితే పని సులువు. మాటల్లేని అక్కాతమ్ముళ్లను రోజంతా ఎదురెదురుగా ఉంచడానికి ఇది చక్కటి సాకు. రోజంతా కట్టినా కొన్ని మీటర్లే లేస్తుంది. అడ్డరాయి బరువు, ఎత్తాలంటే ఇద్దరూ ఒకేసారి వంగాలి.

పీట్ మంట. పైన ఆరినట్టు కనిపించినా పీట్ లోపల రాజుకుంటూ ఉంటుంది. 2018 జూన్‌లో మాంచెస్టర్ దగ్గరి సాడిల్‌వర్త్ మూర్ అంటుకున్నప్పుడు సైన్యం సాయం కూడా కావాల్సి వచ్చింది. దీన్ని వాడితే చివరి ఎపిసోడ్ల కోసం ఉంచండి. మొదట్లోనే మండిస్తే తర్వాత పెంచడానికి ఏమీ మిగలదు.

గ్రౌస్ పక్షి అరుపు "గో బ్యాక్, గో బ్యాక్" అన్నట్టు ఉంటుందని అక్కడ అంటారు. ఇంటికి తిరిగొచ్చిన కూతురి సీన్‌లో దాన్ని పెట్టాలని చేతులు దురదపెడతాయి. పెట్టకండి. అర్థం మరీ పైకి తేలిపోతుంది.

## 6. సీన్ రాసే వరస

1. ఈ సీన్‌లో చేయాల్సిన పని రాయండి (గొర్రెలు దింపడం, గేటు బాగుచేయడం).
2. ఎవరు ఎంత దూరంలో నిలబడతారో రాయండి. చూడగలరా? వినగలరా?
3. పని ఎక్కడ చెడుతుందో తేల్చండి.
4. ఆ తప్పు వెనక ఏ పాత గాయం ఉందో మీ నోట్సులో రాసుకోండి, సీన్‌లో కాదు.
5. మాటలు చివర రాయండి.

నాకు చాలా తరచుగా వచ్చే డ్రాఫ్ట్ ఇలా ఉంటుంది:

*కొండ అంచు. హోరుగాలి. కూతురు దూరంగా చూస్తోంది. "నాన్నకు నేనంటే ఎప్పుడూ ఇష్టం లేదు." తమ్ముడు: "నువ్వే కదా మమ్మల్ని వదిలేసి వెళ్లావు!"*

ఇందులో మూర్ తీసేసి రైల్వే స్టేషన్ పెట్టినా ఏమీ మారదు. అదే గొడవను పై వరసలో రాద్దాం:

*నవంబర్ మొదటి వారం. మందను దింపే రోజు. తమ్ముడు, అక్క, పక్క ఫామ్ మనిషి దూరదూరంగా వరస కట్టి మందను కిందికి తోలుతున్నారు. ఒకరికొకరు కనబడతారు, మాట వినబడదు. గేటు దగ్గర తండ్రి కర్ర ఎత్తి సైగ చేస్తాడు. అక్క ఉన్న వైపు ఒక గొర్రె బురదలో దిగబడింది. అక్క వరస వదిలి దాన్ని లాగడానికి వెళ్తుంది. ఆ సందులోంచి కొన్ని గొర్రెలు వెనక్కి పరుగు. తండ్రి కర్ర దించేస్తాడు.*

*గేటు దగ్గర. మంద లోపలికి వెళ్తోంది.*

*తమ్ముడు: "పదకొండు తక్కువ."*

*"మళ్లీ లెక్కపెట్టు."*

*"రెండుసార్లు లెక్కపెట్టాను."*

*తండ్రి, తెలిసే: "ఆ వైపు ఎవరున్నారు?"*

*బురద కొట్టుకున్న కోటుతో అక్క దగ్గరికొస్తోంది. తమ్ముడు జవాబు చెప్పడు.*

వరస వదిలి వెళ్లింది అన్న పన్నెండేళ్ల అభియోగం ఇక్కడ ఎవరి నోటా రాలేదు. ఒక ప్రాణిని కాపాడటానికే వెళ్లిందన్న ఆమె వైపు న్యాయమూ రాలేదు. రెండూ కంటికి కనిపించాయి. తమ్ముడి మౌనం ఆమెను కాపాడటమా, పట్టివ్వడమా అన్నది నటుడికి వదిలేయండి.

## 7. షూటింగ్‌కు నిలబడేలా రాయడం

ఒకసారి నేను కొండ అంచున ఏడు పేజీల సంభాషణ రాశాను. ఆ రోజు గాలికి మైకులో ఒక్క మాట నిలవలేదు. తర్వాత స్టూడియోలో డబ్బింగ్ చెప్పించారు. పెదవులు కలిశాయి గానీ, ఆ చలిలో వణికిన గొంతులోని బాధ మళ్లీ రాలేదు. ఆ సీన్ నటులు అంత బాగా చేశారు, ఇప్పటికీ నాకు దిగులే.

అప్పటి నుంచి పాటిస్తున్నవి:
- పైన మూర్ మీద ఒక్కో సీన్‌కు నాలుగైదు మాటలకు మించవు.
- అసలు మాటలు గోడ చాటున, పికప్ వాహనంలో, కొట్టంలో. గాలి ఒక్కసారిగా ఆగే చోటు కాబట్టి గొంతు కూడా దానంతటదే తగ్గుతుంది.
- పొగమంచు తప్పనిసరి అయిన సీన్ ఎపిసోడ్‌కు ఒకటే. అదీ మంచు లేకపోయినా నడిచేలా.
- డిసెంబర్ పగటి సీన్లు తక్కువ, షూటింగ్ గంటలు ఉండవు కాబట్టి.
- బహిరంగ మూర్ మీద నడిచే హక్కు 2000 నాటి చట్టం వల్ల అందరికీ ఉంది. కెమెరాతో కమర్షియల్ షూటింగ్‌కు మాత్రం భూ యజమాని అనుమతి కావాలి.
- మార్చి 1 నుంచి జూలై 31 దాకా పక్షులు నేల మీద గూళ్లు పెడతాయి. ఆ నెలల్లో నడిచేవాళ్లు కుక్కను పొట్టి తాడుతో పట్టుకోవాలి. మీ పాత్ర కుక్కను వదిలేస్తే అది తప్పని మీకు తెలిసే రాయండి.

## 8. తరచూ కనిపించే తప్పులు, సరిచేసే దారి

ఏడాదంతా ఊదా రంగు. హెదర్ పూసేది ఆగస్టు చుట్టూ కొద్ది వారాలే. మిగతా కాలం గోధుమ, నలుపు, తుప్పు రంగు. పూలు కావాలంటే కథనే ఆగస్టుకు జరపండి.

డిసెంబర్‌లో కర్ల్యూ కూత. శీతాకాలంలో అవి తీరాల్లో ఉంటాయి. ఆ నిశ్శబ్దాన్నే వాడండి, మార్చిలో మొదటి కూత వచ్చినప్పుడు దాని విలువ పెరుగుతుంది.

తుపాను వస్తే గొడవ, ఎండ వస్తే రాజీ. తిరగేసి చూడండి. అందమైన జూలై సాయంత్రం, ఉన్ని కత్తిరింపు అయిపోయి అందరూ టీ తాగుతుండగా తండ్రి కౌలు మాట ఎత్తితే ఎంత నొప్పిగా ఉంటుందో.

తప్పిపోయిన మనిషిని వెతకడానికి ఎక్కడినుంచో దిగే దళం. అక్కడి పర్వత రక్షక బృందాల్లో ఉండేది జీతం లేని వాలంటీర్లు, ఆ చుట్టుపక్కల మనుషులే. పోలీసుల ద్వారా పిలుపు వెళ్తుంది. మేత హక్కుల మీద తండ్రితో మాటలు మానేసిన పక్క రైతే అర్ధరాత్రి తల మీద లైటు పెట్టుకుని తలుపు తట్టొచ్చు.

జానపదం ఎక్కువ. "యాన్, టాన్, టెథెరా" అని గొర్రెలు లెక్కించే పాత పదాలు ఉన్నాయి నిజమే. ఇప్పటి రైతు రోజూ అలాగే లెక్కిస్తాడని రాయకండి. తాత మనవరాలికి ఒక్కసారి చెప్పిన మాటగా అయితే బాగుంటుంది.

శవాన్ని మూర్‌లో పాతడం. ఆపి ఆలోచించండి. 1960ల్లో సాడిల్‌వర్త్ మూర్ మీద హత్యకు గురైన పిల్లలను పాతిపెట్టారు. ఒక బిడ్డ ఇప్పటికీ దొరకలేదు. ఉత్తర ఇంగ్లండ్‌లో ఆ గాయం మానలేదు. మలుపు కోసం దాన్ని తాకకండి. కుటుంబ రహస్యానికి కాగితం, అప్పు, దాచిన ఉత్తరం సరిపోతాయి.

## 9. డ్రాఫ్ట్ పంపే ముందు

- ఒక్కో మూర్ సీన్‌లో చేతులకు పని ఉందా?
- ప్రతి సీన్‌కు నెల, గంట రాశారా? ఆ గంటకు వెలుగు ఉంటుందా?
- గేటు ఎవరు ఎన్నిసార్లు దాటారో లెక్క ఉందా?
- ఎంచుకున్న గుర్తు మూడుసార్లే వచ్చిందా? ఎవరైనా దాని అర్థాన్ని నోటితో వివరించారా? వివరించి ఉంటే ఆ వాక్యం కొట్టేయండి.
- కౌలు, మేత, వేట హక్కుల పేజీని తెలిసినవారికి చూపించారా?

తర్వాత స్క్రిప్టులోని ప్రకృతి వర్ణనలన్నీ తీసేసిన కాపీ ఒకటి చేసి, కథ తెలియని స్నేహితుడి చేత చదివించండి. ఈ కుటుంబాన్ని లీడ్స్‌లో ఒక ఫ్లాట్‌కు మారిస్తే ఏం పోతుందో అడగండి. "ఏమీ పోదు" అంటే రెండో మెట్టుకు తిరిగి వెళ్లి, కౌలు కాగితం నుంచి మళ్లీ మొదలుపెట్టండి.